ఇంటిలో నిలుపుకొను వెబ్‌సైటు

పెండ్లిపాటలను, వ్రతకథలను, ఊరగాయల పాళ్లను వ్రాసి వెబ్‌సైటునం దుంచవలెనను కోరిక మనవారిలో గొందఱికి గలిగినది. అద్దె యిచ్చి పరుల యంత్రమున నుంచుటకంటె మన యింటి కంప్యూటరుననే యుంచరాదా యని వారి ప్రశ్న. ఉంచవచ్చును. కాని యెవరు ఏ వేళ వచ్చినను ఆ యంత్రము మేలుకొని యుండవలెను.

ముందు కరెంటు లెక్క. అరచేత నిమిడెడు రాస్ప్‌బెర్రీ పై వంటి కంప్యూటరు 5 వాట్లు గ్రహించినచో నెలకు 3.6 యూనిట్లగును. మూలనున్న పాత కంప్యూటరు 100 వాట్లు గ్రహించినచో 72 యూనిట్లు!

పిదప చిరునామా. ఇంటి ఇంటర్నెట్టు చిరునామా తఱచు మాఱుచుండును. కొన్ని కంపెనీలు పెక్కు గృహములకు గలిపి యొకే చిరునామా నిచ్చును. అప్పుడు బయటివారు నేరుగా మన గడపకు రాజాలరు. స్థిరమైన చిరునామా నిత్తురేమో, దానికి రుసుమెంతయో ముందే యడుగవలెను.

“సోంపేటలోని మన యింటి నెవరు వెదకుదురు?” అని యొక సోదరి నన్నడిగినది. నాకు నవ్వు రాలేదు, భయము కలిగినది. వెదకునది మనుష్యుడు కాదు, యంత్రము. 2013లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమువారు వెలువరించిన జీమ్యాప్ అను సాధనము, నాలుగు సంఖ్యల తరహా చిరునామాలన్నిటిని గంటలోపలనే తట్టి చూడగలిగెను. సోంపేటయైన నేమి, న్యూయార్కైన నేమి, దానికి భేదము లేదు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, కంపెనీ యిచ్చిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షలకొలది వశపఱచుకొన్నది.

కావున రౌటరు పాస్‌వర్డును మొదటిదినముననే మార్చవలెను. వెబ్‌సైటునకు వలసిన 80, 443 అను ద్వారములు తప్ప వేఱొకటి తెఱవరాదు. బ్యాంకు వ్యవహారము నడుపు ఫోనును, పిల్లల కంప్యూటరును ఈ యంత్రముతో నొకే వలయమున నుంచక, వేఱు రౌటరుతోనైనను విడదీయవలెను. పచ్చళ్లమ్ముచు కొనువారి ఫోను నంబర్లను, చిరునామాలను దాచు సోదరులు మాత్రము ఇంటియందు నిలుపవలదని నా గట్టి యభిప్రాయము. అవి మన సొత్తు కావు.

మన తీరమునకు మఱియొక చిక్కు కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు కూలినవి. స్తంభములొరిగి పెక్కు గ్రామములు దినములతరబడి చీకటిలో నుండినవి. అట్టి వేళ యూపీఎస్ ఎంతసేపు నిలుచును? వెబ్‌సైటు పదిదినములు కానరాకున్నను నష్టము లేదు. ముసలమ్మలు పాడి వినిపించిన పాటలు యంత్రముతోబాటు తడిసిపోయినచో మరల నెవరు పాడుదురు? నెలకొకమాఱు పెన్‌డ్రైవున నకలు తీసి, విశాఖపట్టణమందో మఱియొక దూరపు టూరియందో నున్న బంధువుల యింట నుంచవలెను. అది సరిగా తెఱచుకొనుచున్నదో లేదో వారిచేతనే యొకమాఱు చూపింపవలెను.