రూపనారాయణ్ దాటితే ఫిరంగుల పల్లె

టికియాపారా నుంచి ఒక్క రోజు ప్రయాణంలో శరత్ ఇల్లు, మునిగిన కోట, పోర్చుగీసు ఇంటిపేర్ల ఊరు

సికింద్రాబాద్, విశాఖపట్నం వైపు నుంచి హౌరా వెళ్లే తెలుగువాళ్లకు టికియాపారా ఒక గుర్తు. ఆ బోర్డు కనిపించిందంటే బెర్తు కింద సామాన్లు బయటికి లాగి, చెప్పులు వెతుక్కుని, తలుపు దగ్గర నిలబడాల్సిందే. హౌరా ఇక కూతవేటు దూరం. పట్టాల గుంపులు, లోకల్ రైళ్ల కార్‌షెడ్, ఇనుప సామాన్ల ఖార్ఖానాలు, ఇరుకు గల్లీలు. చూడటానికి ఏముందిక్కడ అనిపిస్తుంది. నిజమే, టికియాపారాలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. కానీ అదే స్టేషన్‌లో వ్యతిరేక దిశలో లోకల్ ఎక్కితే ఒకటిన్నర గంటలో నగరం తెగిపోతుంది. వరి చేలు, చేపల చెరువులు, తమలపాకు తోటలు మొదలవుతాయి. ఆ వెనకే రూపనారాయణ్ నది వస్తుంది. నదికి ఇటు హౌరా జిల్లా, అటు తూర్పు మేదినీపూర్. ఈ రెంటి సరిహద్దులోనే 500 ఏళ్ల పోర్చుగీసు చరిత్ర తాలూకు చిత్రమైన అవశేషం ఒకటి మిగిలి ఉంది.

పోర్చుగీసు అనగానే మనకు గోవా తప్ప మరో ఊరు తోచదు. బెంగాల్లో కాస్త చదువుకున్నవాళ్లయితే 1599 నాటి బాండెల్ చర్చి పేరు చెబుతారు. ఆదివారాల్లో కిటకిటలాడే ఆ చర్చిని చూసిన వాళ్లకు చెప్పేదేమీ లేదు. ఈ దారి వేరు. ఇందులో రద్దీ తక్కువ, నది ఎక్కువ.

ఏటా తగలబెట్టే ఊరు

మొదటి మజిలీ కోసం రైలెక్కనక్కర్లేదు. టికియాపారాకు దక్షిణంగా శిబ్‌పూర్ దిక్కున బేతోడ్ అనే పేట ఉంది. ఇవాళ అది హౌరాలో కలిసిపోయిన మామూలు వీధి. 16వ శతాబ్దంలో మాత్రం బెంగాల్ వ్యాపారానికి ఇదే వాకిలి. నదిలో ఇంతకన్నా పైకి పెద్ద ఓడలు వెళ్లలేకపోయేవి. పోర్చుగీసు వాళ్లు లంగరు ఇక్కడే వేసి, చిన్న నావల్లో సాత్‌గావ్ రేవుకు సరుకు చేరవేసేవారు. 1560లలో ఇటు వచ్చిన వెనిస్ వర్తకుడు చేజారే ఫెదెరీచీ ఒక వింత రాసిపెట్టాడు. ఓడలొచ్చే కాలానికి ఇక్కడ గడ్డితో ఒక ఊరే లేస్తుంది. దుకాణాలు, ఇళ్లు, సమస్తం. ఓడలు వెళ్లిపోగానే ఆ ఊరిని తగలబెట్టేస్తారు. మళ్లీ ఏడాది మళ్లీ కడతారు.

ఆ గడ్డి ఊరి ఆనవాలు ఎలాగూ దొరకదు. దాని పొరుగునే 1787లో మొదలైన బొటానికల్ గార్డెన్ మాత్రం 270 ఎకరాల్లో పచ్చగా ఉంది. 2009 నుంచి దానికి జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. 250 ఏళ్లు దాటిన మహావటం ఇక్కడి ప్రధాన ఆకర్షణ. తెగులు సోకిన దాని తల్లి మానును 1925లో తొలగించినా ఊడలే అడవిగా మారి చెట్టును నిలబెట్టాయి. ఈ తోటకు తెలుగు నేలతో బంధుత్వం కూడా ఉంది. 1793లో దీని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు పదేళ్లకు పైగా మన సామర్లకోటలో మొక్కలు పెంచి, పరిశీలించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించినవాడు. భారతీయ వృక్షశాస్త్ర పితగా పేరుపొందిన ఆయన ఆ విద్యలో చేయి తిరిగింది గోదావరి తీరాన.

దేవదాసు తండ్రి ఇల్లు

టికియాపారాలో మేచెదా లేదా పాన్స్‌కుడా లోకల్ ఎక్కితే దాస్‌నగర్, రామ్‌రాజాతలా తర్వాత సాంత్రాగాఛీ వస్తుంది. శీతకాలంలో అక్కడి చెరువు మీద వేలాది ఈల బాతులు వాలతాయి. తెల్లవారుజామున వెళ్లేవాళ్లకు ఇదో అదనపు లాభం. ఉలుబేరియా, బాగ్నాన్ దాటాక దేవుల్టి. అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరంలోనే సామ్తాబేడ్. శరత్‌చంద్ర చటోపాధ్యాయ జీవితంలో చివరి పన్నెండేళ్లు గడిపిన ఊరు.

శరత్ పేరు చెప్పి తెలుగు పాఠకులకు పరిచయం చేయబూనడం హాస్యాస్పదం. చక్రపాణి అనువాదాల పుణ్యమా అని శరత్‌ను తెలుగు రచయిత అనుకున్నవాళ్లు ఒక తరమంతా ఉన్నారు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’తో అక్కినేని, సావిత్రి ఆ బంధాన్ని ముడివేసేశారు. రంగూన్‌లో 13 ఏళ్లు గుమాస్తాగిరీ చేసి 1916లో తిరిగొచ్చిన శరత్ మొదట కాపురం పెట్టింది టికియాపారాకు దగ్గరలోని బాజే శిబ్‌పూర్‌లో. 1926లో సామ్తాబేడ్‌లో కట్టించుకున్న ఇంటికి మారాడు. ‘పథేర్ దాబీ’ పుస్తకంగా వచ్చింది ఆ ఏడాదే. మరుసటి ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఇల్లు రెండంతస్తులు. చుట్టూ వసారా, పెంకుల కప్పు, అందులో బర్మా పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన రాసుకున్న బల్ల, కుర్చీ, వాడిన వస్తువులు లోపల భద్రం చేశారు. ఆవరణలోనే ఆయన సమాధి, సన్యాసం పుచ్చుకున్న తమ్ముడు స్వామి వేదానంద సమాధి ఉన్నాయి. రాసుకునే గది కిటికీలోంచి రూపనారాయణ్ కనిపిస్తుందనే ఆయన ఈ స్థలం ఎంచుకున్నాడంటారు. ఇవాళ ఆ కిటికీలోంచి నది కనిపించదు. అది దూరంగా జరిగిపోయింది. అలాగని పూర్తిగా విడిచిపెట్టనూ లేదు. 1978 వరదల్లో ఇంటిని గట్టిగానే దెబ్బతీసింది. ఆ తర్వాత మరమ్మతు చేసి వారసత్వ కట్టడంగా కాపాడుతున్నారు. పరిశుభ్రంగా ఉంది, సందడి లేదు. పార్వతిని, చంద్రముఖిని తలచుకుంటూ వెళ్లే తెలుగువాడికి ఇది తీర్థయాత్రే.

నది దగ్గరకి నడిచి వెళ్లండి. అవతలి ఒడ్డున కోలాఘాట్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. మద్రాసు వైపు రైలు మార్గం 1900లో ఈ నదిని దాటింది. కోలాఘాట్‌కు దేశమంతటా పేరు తెచ్చింది మాత్రం ఇలిస చేప. సముద్రం నుంచి మంచినీళ్లలోకి ఎదురీదుకుంటూ వచ్చి రుచి పెంచుకునే ఈ చేప మన గోదారి పులసే. పుస్తెలమ్మినా తినాలనే మాట ఇక్కడ లేదు కానీ ధర విన్నాక ఆ మాటే గుర్తొస్తుంది. మేటలు వేసిన నదిలో ఇలిస రాక బాగా తగ్గిపోయింది. కోలాఘాట్ ఇలిస పేరుతో అమ్మేదంతా కోలాఘాట్‌ది కాదు.

మునిగిన కోట

బాగ్నాన్ స్టేషన్ నుంచి బస్సులో దక్షిణంగా వెళితే గాదియారా. రూపనారాయణ్ వచ్చి హుగ్లీలో కలిసే చోటు. ఈ ఒడ్డు హౌరా జిల్లా. పడమట గేంవ్‌ఖాలీ, తూర్పు మేదినీపూర్. తూర్పున నూర్‌పూర్, దక్షిణ 24 పరగణాలు. మూడు జిల్లాలు నీళ్ల మీద ఎదురెదురుగా నిలబడినట్టుంటాయి. కనుచూపు మేర నీరే. హల్దియా, కోల్‌కతా మధ్య తిరిగే సరుకు ఓడలు చెట్ల వెనక నుంచి హఠాత్తుగా ఊడిపడినట్టు కనిపిస్తాయి.

ఆటుపోట్లు చూసుకుని ఒడ్డుకు వెళితే ఇటుక గోడల శిథిలాలు కొన్ని కనిపిస్తాయి. ఫోర్ట్ మార్నింగ్టన్ అవశేషాలవి. పోటు మీదుంటే అవీ ఉండవు. క్లైవ్ కట్టించిన కోటని స్థానికులు చెబుతారు. పేరు మాత్రం 1798లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ మార్నింగ్టన్‌ది. మనకు వెల్లస్లీగా తెలిసిన వ్యక్తి ఆయనే. కోటను గెలిచిన శత్రువెవరూ లేరు, నదే మింగేసింది. ఇక్కడి జలాలు ఓడలకూ యముడే. 1694లో ‘రాయల్ జేమ్స్ అండ్ మేరీ’ అనే ఓడ ఈ ప్రాంతంలోని ఇసుక మేటలకు తగిలి మునిగింది. నాటి నుంచి ఆ మేటలకు ఆ ఓడ పేరే స్థిరపడింది. అందుకే గాదియారాలో స్నానానికి దిగకపోవడమే మంచిది. ఒడ్డున కూర్చుని సూర్యాస్తమయం చూడటానికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఉలుబేరియా వైపు నుంచి వెళ్లగలిగే గడ్‌చుముక్ కూడా ఇలాంటిదే. దామోదర్ హుగ్లీలో కలిసే చోట 58 గేట్ల తూము వంతెన, జింకల పార్కు ఉన్నాయి. ఎదుటి ఒడ్డున ఫల్తా. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నప్పుడు పారిపోయిన ఇంగ్లీషువాళ్లు తలదాచుకున్నది అక్కడే.

గోవా నుంచి వచ్చినవాళ్లు

గాదియారాలో లాంచీ ఎక్కి గేంవ్‌ఖాలీలో దిగితే, ఈ ప్రయాణంలో అసలు వింత మీర్‌పూర్ దగ్గర్లోనే ఉంటుంది. చుట్టుపక్కలవాళ్లు దీన్ని ఫిరింగీ పాడా అంటారు. దూరం నుంచి చూస్తే మేదినీపూర్ పల్లెలన్నిటికీ దీనికీ తేడా లేదు. అవే చెరువులు, అవే అరటి చెట్లు, అదే బెంగాలీ మాట, అదే అన్నం చేపల పులుసు. పేర్లడిగితే తెలుస్తుంది. టెస్రా, రోథా, రొజారియో, లోబో. ఊళ్లో ఒక రోమన్ కాథలిక్ చర్చి, మరో ప్రొటెస్టెంట్ చర్చి ఉన్నాయి. క్రిస్మస్‌కు ఊరంతా దీపాలే. చుట్టుపక్కల గ్రామాల హిందువులు, ముస్లింలు కూడా తరలివస్తారు.

వీళ్లెలా వచ్చారు? తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. 1741 నుంచి పదేళ్లపాటు మరాఠా రౌతులు బెంగాల్ మీద విరుచుకుపడ్డారు. ఆ బర్గీల భయం ఎంతటిదంటే బెంగాలీ తల్లుల జోలపాటలోకి కూడా ఎక్కింది. అప్పుడు మహిషాదల్ రాజవంశం తమ జమీందారీని కాపాడుకోవడానికి గోవా నుంచి పోర్చుగీసు తుపాకీ వీరులను రప్పించిందట. పని అయ్యాక వాళ్లు తిరిగి వెళ్లకుండా మీర్‌పూర్‌లో భూములిచ్చిందట. ఎంతమంది, ఏ ఏట అనే వివరాల్లో చెప్పేవారిని బట్టి తేడాలున్నాయి. ఇంటిపేర్లు మాత్రం అబద్ధం చెప్పవు.

ఈ కథలో రెండు చమత్కారాలు. తెలుగులో ఫిరంగి అంటే మందుగుండు పేల్చే గొట్టం. బెంగాలీలో ఫిరింగీ అంటే దాన్ని పేల్చేవాడు, అంటే పరంగివాడు. మూలం ఒకటే. మీర్‌పూర్‌లో రెండర్థాలూ ఒకే మనిషిలో కలిశాయి. రెండోది కాస్త చేదు. 17వ శతాబ్దంలో అరాకాన్ మగ్గులతో చేతులు కలిపిన పోర్చుగీసు ఓడదొంగలు దిగువ బెంగాల్ పల్లెల మీద పడి మనుషుల్ని పట్టుకెళ్లేవారు. ఆ బందీలను బానిసలుగా అమ్మిన రేవుల్లో ఈ రూపనారాయణ్ మీదనున్న తమ్లుక్ ఒకటి. ఏ పేరు వింటే పల్లెలు హడలిపోయాయో, నూరేళ్ల తర్వాత ఆ జాతివాళ్లనే పల్లెల కాపలాకు పిలిచారన్నమాట.

మీర్‌పూర్‌వాళ్ల నోట పోర్చుగీసు ఏనాడో పోయింది. నిజానికి ఆ భాష మన నోట్లో కూడా ఎంతోకొంత మిగిలింది. మేస్త్రీ, ఇస్త్రీ, అలమారా, పాదిరి, అనాస, ఇవన్నీ వాళ్లు వదిలివెళ్లిన మాటలే. ఆస్తిపాస్తుల్లేని ఒక చిన్న సమాజం ఇంటిపేరునూ, చర్చి గంటనూ పట్టుకుని పాతిక దశాబ్దాలుగా నిలబడటమే ఇక్కడ చూడాల్సిన విశేషం. ఇది ప్రదర్శనశాల కాదని, జనం కాపురముంటున్న ఊరని గుర్తుంచుకుని వెళ్లాలి. చర్చి లోపలికి వెళ్లే ముందు, ఫొటోలు తీసే ముందు అడగడం మర్యాద.

తిరుగు దారిలో మహిషాదల్ రాజప్రాసాదాలు, గోపాల్‌జీ గుడి, 1776లో మొదలైన రథయాత్ర తాలూకు పెద్ద చెక్క రథం చూడొచ్చు. సమయముంటే తమ్లుక్ కూడా. ఇదే ప్రాచీన తామ్రలిప్తి. బోధి వృక్షపు కొమ్మ సింహళానికి పయనమైన రేవుగా బౌద్ధ గ్రంథాలు చెప్పేదీ, ఫాహియాన్ రెండేళ్లుండి ఓడెక్కిందీ ఇక్కడే. సముద్రం దూరం జరిగి రేవు ఎండిపోయింది. బర్గభీమా ఆలయం, చిన్న పురావస్తు ప్రదర్శనశాల మిగిలాయి. 1942 సెప్టెంబరు 29న జెండా చేతబట్టి నడుస్తూ డెబ్బై దాటిన మాతంగినీ హాజ్రా పోలీసు తూటాలకు నేలకొరిగింది ఈ పట్టణంలోనే.

ఎలా వెళ్లాలి

టికియాపారా నుంచి దేవుల్టికి లోకల్ రైళ్లు ఉంటాయి. పొద్దున్నే శరత్ ఇల్లు చూసుకుని, బాగ్నాన్‌కు వెనక్కి వచ్చి గాదియారా బస్సెక్కాలి. లాంచీలు ఆటుపోట్లను, పొగమంచును బట్టి నడుస్తాయి. సాయంత్రం చివరి లాంచీ ఎప్పుడో ముందే కనుక్కోవాలి. గేంవ్‌ఖాలీ నుంచి మీర్‌పూర్, మహిషాదల్‌కు ఆటోలు దొరుకుతాయి. మహిషాదల్, తమ్లుక్ రెండూ పాన్స్‌కుడా-హల్దియా రైలు మార్గంలోనే ఉన్నాయి. కాబట్టి వచ్చిన దారినే తిరిగి వెళ్లనక్కర్లేదు. అన్నీ హడావుడి లేకుండా చూడాలంటే గాదియారాలో ఒక రాత్రి ఉండటం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

రాత్రి లోకల్ తిరిగి టికియాపారా చేరేసరికి కార్‌షెడ్ దీపాలు వెలుగుతుంటాయి. రైల్వే పనికీ, జూట్ మిల్లు పనికీ శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి బెంగాల్ వచ్చి స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఖరగ్‌పూర్‌లో అలాంటి వారి సంఖ్యను చూసే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదించింది. ఇళ్లలో మూడో తరం తెలుగు మాట్లాడుతుంది, చదవడం మాత్రం అందరికీ రాదు. మీర్‌పూర్ చూసొచ్చిన తెలుగువాడికి ఆ విషయం కాస్త ఎక్కువగానే తగులుతుంది. భాష పోయాక కూడా ఇంటిపేరు మిగులుతుంది. అది చాలా, చాలదా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.