ఖాళీగా కనిపించే సీసాలో ఏముంది? ఈజీఎఫ్ కథ

ఈ రోజు టాపిక్ ఒక చిన్న సీసా. లేబుల్ మీద "రీకాంబినెంట్ హ్యూమన్ ఈజీఎఫ్, 100 మైక్రోగ్రాములు" అని ఉంటుంది. లైట్‌కి పెట్టి చూస్తే లోపల ఏమీ కనపడదు. కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు ఖాళీ సీసా పంపారేమో అనుకుంటారు. కానీ పొడి ఉంటుంది, గోడకో మూతకో అంటుకుని. అందుకే మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్కసారి తిప్పాలి. లేదంటే డబ్బంతా మూతతో పాటే పోతుంది!

ఈజీఎఫ్ అంటే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. 53 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్. దీన్ని కనిపెట్టింది స్టాన్లీ కోహెన్. ఎలుక లాలాజల గ్రంథుల నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి ఇస్తే, అవి మామూలు కంటే ముందే కళ్లు తెరిచాయి. ఎందుకలా అని ఆయన వదలకుండా వెంటపడ్డారు. 1986లో రీటా లెవీ మాంటల్చీనితో కలిపి నోబెల్ వచ్చింది.

ఇది పనిచేసే తీరు కాలింగ్ బెల్ లాంటిది. నొక్కేది బయట, కదలిక లోపల. కణం పైనున్న రిసెప్టార్‌కి ఈజీఎఫ్ అతుక్కుంటే రెండు రిసెప్టార్లు జత కడతాయి. లోపలివైపు ఫాస్ఫేట్ గుర్తులు పడతాయి, ఆ కబురు ఒకదాన్నుంచి ఒకదానికి కేంద్రకం దాకా వెళ్తుంది. "విభజన మొదలుపెట్టు" అని.

మరి మనిషి ప్రోటీన్ ఎక్కడ్నుంచి తెస్తారు? మనుషుల్నుంచి కాదండోయ్. మన జీన్‌ని ఈ-కోలై బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేయిస్తారు. అదే రీకాంబినెంట్. అయితే ఇందులో మూడు డైసల్ఫైడ్ బంధాలు సరైన జతల్లో పడాలి. తప్పుగా మడత పడితే బరువు సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. పైగా ఈ-కోలై గోడలోని ఎండోటాక్సిన్‌ని కూడా తీసెయ్యాలి.

వాడకం ఎంతంటే, మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు వేస్తే ఆ సీసా ఏకంగా 10 లీటర్ల కల్చర్ మీడియాకి సరిపోతుంది. కలిపాక చిన్న చిన్న భాగాలు చేసి ఫ్రీజ్ చేస్తారు. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. "ఇదే కదా పుండ్లు మాన్పేది, సీసా కొని రాసుకుంటే?" అనే డౌట్ వస్తుంది. హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ ఈజీఎఫ్‌తో రీజెన్-డి అనే జెల్ చేస్తోంది, షుగర్ పేషెంట్ల కాలి పుండ్లకి. అది మందు. డాక్టర్ పుండు చూసి రాస్తారు. ల్యాబ్ సీసా మీద మాత్రం "రీసెర్చ్ యూజ్ ఓన్లీ" అని ఉంటుంది. అది మనిషి మీద వాడటానికి పరీక్షించింది, అనుమతి పొందింది కాదని అర్థం. చవగ్గా దొరికినా సరే, పుండు మీదా ముఖం మీదా పెట్టకండి.

ఇంకొకటి. ఈ బెల్ ఏ కణం తలుపు దగ్గర మోగుతోందో చూసుకోదు. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఆ రిసెప్టార్ మారిపోయి, ఎవరూ నొక్కకుండానే మోగుతూ ఉంటుంది. జెఫిటినిబ్ అనే మాత్ర పని దాన్ని ఆపడమే. ఆ మాత్ర ఎలా ఆపుతుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.