పరదేశపు కరెంటు – మన వంటింటి మిక్సీ

మన కాలేజీ నుంచి పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్ళే విద్యార్థి పెట్టెలో ఆవకాయ, కందిపొడితోబాటు ఓ మిక్సీ కూడా ఉండటం మామూలే. తల్లి మనసు ఊరుకోదు మరి! అలాగే అక్కణ్ణించి తిరిగి వచ్చేవారు రైస్ కుక్కరో, ఓవెనో పట్టుకొస్తారు. ఇద్దరూ చేసే పని ఒక్కటే: చిన్న ఎడాప్టరు తగిలించి ప్లగ్గును గోడకు గుచ్చడం. ఎడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గాని కరెంటును మార్చదు. ఈ సంగతి తెలియక ఖరీదైన సామాన్లు పాడుచేసుకునేవారు చాలామంది. సామాను పోతే పోయింది, వంటింట్లో నిప్పు అంటుకుంటే?

అసలు దేశానికో రకం కరెంటు ఎందుకు వచ్చింది? 1882లో ఎడిసన్ న్యూయార్కులోని పెర్ల్ వీధి కేంద్రం నుంచి 110 వోల్టుల డైరెక్ట్ కరెంటు సరఫరా చేశాడు. తరువాత ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చినా అమెరికా ఇళ్ళలో ఆ వోల్టేజి ఇంచుమించు అలాగే నిలిచిపోయింది. యూరపువారు దాన్ని రెట్టింపు చేసుకున్నారు. వోల్టులు రెట్టింపైతే అదే శక్తికి సగం కరెంటు చాలు. అదే తీగలో నష్టం నాలుగోవంతుకు పడిపోతుంది. జపానుది మరీ చిత్రం. టోక్యో జర్మనీ యంత్రాలనూ, ఒసాకా అమెరికా యంత్రాలనూ కొనుక్కున్న పాపానికి ఆ ఒక్క దేశంలోనే నేటికీ తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్ నడుస్తున్నాయి. ఇక మన ఇళ్ళలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

రైస్ కుక్కరు సంగతి తేలిక. దాంట్లో ఉన్నది వేడెక్కే తీగచుట్ట. నిరోధం మారదు కాబట్టి వోల్టులు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. 120 వోల్టులకు చేసిన 500 వాట్ల అమెరికా కుక్కరు నిరోధం 28.8 ఓములు. దాన్ని మన 230కి తగిలిస్తే 1,840 వాట్ల దాకా లాగుతుంది. అదృష్టం బాగుంటే లోపలి థర్మల్ ఫ్యూజు పోతుంది. లేకపోతే మాడేది అన్నం కాదు, కుక్కరే. మన 500 వాట్ల కుక్కరును అక్కడ పెడితే ఏ ప్రమాదమూ లేదు గాని, అది 136 వాట్లకు దిగిపోతుంది. ఆకలిమీద ఉన్నవాడు అరగంట తరువాత మూత తీస్తే కనిపించేది గోరువెచ్చని నీళ్ళలో నానుతున్న బియ్యం!

మిక్సీ వ్యవహారం ఇంత సులువు కాదు. దాంట్లోది కార్బన్ బ్రష్షులుండే యూనివర్సల్ మోటారు. దానికి హెర్ట్జ్‌తో పెద్దగా పనిలేదు, వోల్టులు సరిపోతే చాలు. కాని 120 వోల్టులు ఇస్తే దాని తిప్పే బలం నాలుగోవంతుకు పడిపోతుంది. ఖాళీ జారు గిర్రున తిరుగుతుంది కనక బాగానే ఉందనుకుంటాం. నానిన మినప్పప్పు వేసేసరికి బ్లేడు నిలిచిపోయి మోటారు మూలగడం మొదలెడుతుంది. తిరగని మోటారులో ఎదురు వోల్టేజి పుట్టదు, కరెంటు పెరుగుతుంది. ఇరుసుకున్న ఫ్యానూ తిరగదు కాబట్టి గాలి ఆడదు. వార్నీషు కంపు కొట్టిందంటే వెంటనే స్విచ్చి ఆర్పాలి, పప్పును గరిటెతో కుళ్ళగించి మళ్ళీ ప్రయత్నించకూడదు.

సరే, ట్రాన్స్‌ఫార్మరు పెడదాం. 750 వాట్ల మిక్సీకి 1,500 వోల్ట్ ఆంపియర్లదైనా ఉండాలి. మోటారు బయలుదేరేటప్పుడు లాగే కరెంటు ఎక్కువ గదా. ఇలాంటిది ఇనుమూ రాగీ నిండిన బరువైన పెట్టె. బజార్లో అరచేతిలో పట్టే తేలికపాటి కన్వర్టర్లు దొరుకుతాయి, వాటిమీద పెద్ద పెద్ద వాట్ల అంకెలూ ఉంటాయి. అవి థైరిస్టర్‌తో తరంగాన్ని కోసి ఇచ్చేవి. ఇస్త్రీపెట్టెలాంటి వాటికే తప్ప మోటారుకు పనికిరావు. అంకె చూసి మోసపోవద్దు. మరొక మాట: అక్కడి మామూలు సాకెట్టు సర్క్యూటు 15 ఆంపియర్లది, అంటే 1,800 వాట్లు. మిక్సీ తిరుగుతుండగా అదే సర్క్యూటుమీద నీళ్ళు కాగబెట్టే కెటిలు కూడా పెడితే బ్రేకరు పడిపోవచ్చు.

అయితే ట్రాన్స్‌ఫార్మరు వోల్టులనే మార్చగలదు, హెర్ట్జ్‌ను మార్చలేదు. వెట్ గ్రైండరులో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని వేగం పౌనఃపున్యంతో ముడిపడింది. ఇక్కడ 5 చుట్లు తిరిగే రోలు అక్కడ అదే కాలంలో 6 చుట్లు తిరుగుతుంది. మోటారుకు బరువు పెరుగుతుంది, పిండీ వేడెక్కుతుంది. దీనికంటే ప్రమాదం తిరుగుదారిలో ఉంది. 60 హెర్ట్జ్‌కు చేసిన ఫ్రిజ్జునో, మైక్రోవేవ్ ఓవెన్‌నో ఇక్కడికి తెచ్చి, 120 వోల్టులు సరిగ్గానే ఇచ్చినా, 50 హెర్ట్జ్ వద్ద ఇనుప గర్భంలో అయస్కాంత ప్రవాహం అయిదోవంతు పెరిగి, ఇనుము సంతృప్తమై, చుట్టలు కాలిపోయేంత వేడి పుడుతుంది. అంచేత వాటిమీద అభిమానం ఎంతున్నా అక్కడే ఎవరికైనా ఇచ్చి రావడం మంచిది.

ఇంజనీరింగు చదివినవాడికి ఇంకో తెలివి తడుతుంది. అమెరికా ఇళ్ళలో పొయ్యికీ, బట్టలారబెట్టే యంత్రానికీ 240 వోల్టుల సాకెట్లుంటాయి. దాంట్లోంచి మన మిక్సీకి కరెంటు లాగితే? వోల్టులు దాదాపు సరిపోతాయి, నిజమే. కాని అక్కడి బ్రేకరు 30 లేక 50 ఆంపియర్లది; మిక్సీ సన్నతీగ కాలుతున్నా అది కదలదు. పైగా అక్కడ రెండు తీగలూ లైవే. మిక్సీ స్విచ్చి ఒకదాన్నే తెంపితే రెండోది లోపల ప్రాణంతోనే ఉంటుంది. ఇది తెలివి అనిపించుకోదు.

గల్ఫు వెళ్ళే మన పాలమూరు, కరీంనగరు, కడప సోదరులకు ఇంత తలనొప్పి లేదు. కువైట్, దుబాయి, ఖతార్‌లలో 50 హెర్ట్జే, వోల్టులూ మనకు దగ్గరే. ప్లగ్గు మాత్రం బ్రిటిషు పద్ధతిది. సౌదీలో 60 హెర్ట్జ్, పాత ఇళ్ళలో 127 వోల్టులు ఉండేవి, కాబట్టి అక్కడ అడిగి తెలుసుకోవాలి. సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లమీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఎక్కడైనా నిశ్చింతగా గుచ్చుకోవచ్చు. మిక్సీకి మాత్రం అడుగున అంటించిన రేకు చదవందే ఏ నిర్ణయమూ వద్దు. అమెరికాకయితే మన కంపెనీలే 110 వోల్టులకు చేసిన మిక్సీలు అమ్ముతున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు మోసుకుపోవడం కంటే అదే నయం. అది కొన్నా, మూడో పిన్ను ఉన్న ప్లగ్గుకు రెండు కాళ్ళ ఎడాప్టరు తగిలించకండి. ఎర్తు తెగిపోతుంది, అక్కడా చట్నీ రుబ్బేది తడిచేతులతోనే.