పాత పాకను బాగుచేసుకుందాం

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదురుతున్నాయి. పోలవరంలో పుట్టింటికి ఒక కూతురు వచ్చింది. పది రోజులు ఉంటుంది.

పెరట్లో పాత గొడ్లపాక ఉంది. తండ్రి కట్టింది. ఆయన పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తాటాకు కప్పు చిల్లులు పడింది. పాక ఒక పక్కకు వంగింది. అందుకని గేదెను వసారాలో కడుతున్నారు. తల్లి పడుకునేదీ ఆ వసారాలోనే. రాత్రంతా దోమలు.

"పడగొట్టించేద్దామే. కర్రలైనా పొయ్యిలోకి వస్తాయి" అంది తల్లి.

"ఉండమ్మా. ముందు చూద్దాం. బాగుపడేదైతే బాగుచేద్దాం" అంది కూతురు.

పాత పాకను ఎలా చూడాలి? ఎలా బాగుచేయాలి? మనమూ తెలుసుకుందాం.

లోపలికి వెళ్ళేముందు

పాడుబడ్డ పాకలో పాములు, తేళ్ళు చేరతాయి. పగటిపూటే వెళ్ళాలి. కాళ్ళకు చెప్పులుండాలి. పాత ఆకును చేత్తో లాగకూడదు. కర్రతో కదపాలి. ఒకవేళ పాము కరిస్తే మంత్రాలు వద్దు. కోయడం, బిగించి కట్టడం వద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. విషానికి మందు అక్కడే ఉంటుంది.

కాళ్ళు నానకూడదు

పాకకు రాటలే కాళ్ళు. రాట నేల దగ్గరే ముందు పుచ్చుతుంది. ఎందుకంటే తడి, చెద అక్కడే ఉంటాయి. అక్కడ కొడవలి మొనతో పొడిచి చూడాలి. మొన సులువుగా దిగితే రాట పుచ్చినట్టే.

కూతురు ఎనిమిది రాటలూ పొడిచి చూసింది. రెండే పుచ్చాయి. ఆరు గట్టిగా ఉన్నాయి.

"మీ నాన్న ఏరి తెచ్చిన చేవ కర్రలే అవి" అంది తల్లి. మళ్ళీ పడగొట్టే మాట ఎత్తలేదు.

పుచ్చిన రాట తీసేముందు పక్కన ఇంకో కర్ర ఆసరా పెట్టాలి. లేకపోతే కప్పు మీద పడుతుంది. కొత్త రాటలో భూమిలోకి దిగే భాగానికి తారు పూయాలి. నేలపైన జానెడు ఎత్తు వరకూ పూయాలి.

పాక నేల చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉండాలి. మట్టి పోసి దిమ్మిసతో కొట్టాలి. వెనక్కి కొంచెం వాలు ఉంచాలి. అప్పుడు గేదె కాళ్ళ కింద తడి నిలవదు.

తల తడవకూడదు

తాటాకు బాగా ఎండాకే కప్పాలి. చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వరకూ నేయాలి. పై వరస కింది వరస మీదికి రావాలి. అప్పుడే వాన నీరు ఆకు మీంచి ఆకు మీదికి జారిపోతుంది. కప్పుకు వాలు తక్కువైతే నీరు నిలిచి ఆకు కుళ్ళుతుంది.

తాటాకుకు నిప్పు భయం ఎక్కువ. దోమలకు పొగ వేసి వదిలి వెళ్ళకూడదు. అతుకుల కరెంటు తీగ పాకలో వేలాడకూడదు.

లెక్క రాసుకోవాలి

ఆకు ఎంత, రాటలు ఎంత, కూలి ఎంత? తల్లి ఏ రోజు లెక్క ఆ రోజే పుస్తకంలో రాసింది. ఆమె ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. ఆకు తెచ్చినాయన రెండు మోపులు ఎక్కువ చెప్పాడు. తల్లి పుస్తకం తీసి చదివింది. ఆయన లెక్క సరిచేసుకున్నాడు.

వరద మాట

గోదావరి వరద ముందు ఏ పాకా నిలవదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. 48కి రెండోది, 53కి మూడోది. భద్రాచలం మనకు ఎగువన ఉంది. ఆ నీరు తర్వాత మన వైపే వస్తుంది. హెచ్చరిక వినగానే పశువులను మెరకకు తోలాలి. కట్టేసిన గొడ్డు ఈదలేదు. అందుకే పలుపుకు ఎప్పుడూ జారుముడే వేయాలి. ఒక్క లాగుతో ఊడి రావాలి.

పదో రోజు సాయంత్రం గేదెను పాకలో కట్టారు. తల్లే జారుముడి వేసింది. లాగి చూసింది. ఊడింది. మళ్ళీ వేసింది. తర్వాత వసారా కడిగి మంచం వేసుకుంది.

మీ పెరట్లో పాక ఉందా? దాని రాటలు పొడిచి చూశారా? తొలకరి రాకముందే చూడండి.