ముదిమిలో మళ్లీ రోడ్డెక్కిన గ్యారేజీ బ్యాండ్లు

గ్యారేజీ రాక్ అంటే 1960ల నడిమి కాలంలో అమెరికాలో ఊరూరా కుర్రాళ్లు కట్టుకున్న చిన్న బ్యాండ్ల మోటు సంగీతం. ఒకటి రెండు గిటార్లు, బాస్, డ్రమ్స్, కుదిరితే ఒక చవక ఎలక్ట్రిక్ ఆర్గన్. సరంజామా అంతే. ఇంటి పక్కన కారు పెట్టుకునే షెడ్డే సాధన గది. గిటారు మీద మూడు కార్డ్‌లు వస్తే రెండున్నర నిమిషాల పాట తయారు. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో బీటిల్స్‌ను దాదాపు 7.3 కోట్ల మంది చూశారు. ఆ తర్వాత ఇలాంటి బ్యాండ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. చాలావాటికి సొంత ఊళ్లో కాస్త పేరు, చేతిలో ఒకటో రెండో రికార్డులు, అంతకు మించి దక్కలేదు.

బీటిల్స్ రాకముందే దీనికి పునాది పడింది. పోర్ట్‌లాండ్ నగరపు కింగ్స్‌మెన్ 1963లో రికార్డు చేసిన 'లూయీ లూయీ'లో గాయకుడి మాటలు స్పష్టంగా వినిపించవు. అందులో బూతులున్నాయని ఫిర్యాదులు వెళ్తే ఎఫ్.బి.ఐ. విచారణ జరిపి, చివరికి మాటలు అర్థం కావడం లేదని తేల్చింది. పాట రాసిన రిచర్డ్ బెర్రీ అప్పటికే దాని హక్కులు సుమారు 750 డాలర్లకు అమ్ముకుని ఉన్నాడు. ఆ పాట రాక్ చరిత్రలో అత్యధికంగా పాడుకున్న పాటల్లో ఒకటయింది. ఎన్నో ఏళ్లకు గానీ ఆయనకు తగిన సొమ్ము ముట్టలేదు.

ఈ సంగీతానికి ప్రాణం గరగర శబ్దం. ఇంగ్లండులో కింక్స్ బ్యాండ్ గిటారిస్టు డేవ్ డేవిస్ యాంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోసి ఆ ధ్వని రాబట్టాడు. అమెరికాలో అయితే 1962 నుంచే ఆ గరగర పుట్టించే ఫజ్ పెడల్ బజారులో దొరికేది. వాషింగ్టన్ రాష్ట్రం టకోమా పట్టణపు సోనిక్స్ దీన్ని అందరికంటే ముదరబెట్టారు. 1965, 66లలో వచ్చిన వాళ్ల రెండు ఆల్బముల్లో జెర్రీ రోస్లీ గొంతు చించుకుని అరిస్తే, రాబ్ లిండ్ శాక్సఫోన్, లారీ పరైపా గిటారు అంతకంతకూ మీదపడతాయి. అప్పట్లో ఆ ప్రాంతం దాటి వాళ్లను ఎరిగినవాళ్లు తక్కువ.

1968 వచ్చేసరికి బ్యాండ్లన్నీ దాదాపు చెదిరిపోయాయి. వియత్నాం యుద్ధానికి నిర్బంధ సైనిక సేవ, పెళ్లిళ్లు, ఉద్యోగాలు, మారిన శ్రోతల అభిరుచి, అన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. లిండ్ నౌకాదళ పైలట్‌గా వియత్నాం వెళ్లాడు, రోస్లీ తారు రోడ్లు వేసే పనిలో స్థిరపడ్డాడు.

బ్యాండ్లు పోయినా రికార్డులు మిగిలాయి. 1972లో ఎలెక్ట్రా సంస్థ కోసం లెన్నీ కే అనే యువకుడు 27 పాటలను ఏరి 'నగ్గెట్స్' పేరుతో రెండు ప్లేట్ల సంకలనం తెచ్చాడు. ఈయనే తర్వాత గాయని ప్యాటీ స్మిత్ బ్యాండులో గిటారిస్టు. పాత రికార్డుల దుకాణాల్లో దుమ్ము దులిపేవాళ్లకు అది దారి చూపింది. కొద్ది కాపీలే అచ్చయి ఊళ్లోనే అమ్ముడుపోని రికార్డులకు యూరప్‌లో గిరాకీ పుట్టింది. మన దేశపు బ్యాండ్లకూ ఇలాంటి వైభోగమే ఆలస్యంగా పట్టింది. సిమ్లా సిగరెట్ల పేరిట జరిగిన సిమ్లా బీట్ పోటీల పాటలు 1970, 71 సంవత్సరాల ఆల్బములుగా వచ్చాయి. ఆ పాత కాపీల కోసం విదేశీ సేకర్తలు వెతుకుతారు. అంటే పాత గ్యారేజీ బ్యాండ్లను మళ్లీ వేదిక ఎక్కించింది ఆనాటి అభిమానులు కాదు. ఆ పాటలు పుట్టినప్పుడు తామింకా పుట్టని శ్రోతలు.

ఇందుకు మంక్స్ బ్యాండే సాక్ష్యం. పశ్చిమ జర్మనీ గెల్న్‌హౌజెన్‌లో పనిచేసిన ఐదుగురు అమెరికా సైనికుల బ్యాండ్ ఇది. నడినెత్తి గొరిగించుకుని, మెడలో టై బదులు తాడు కట్టుకుని, బాంజోకు కరెంటు తగిలించి వాయించేవారు. 1966లో జర్మనీలోనే 'బ్లాక్ మంక్ టైమ్' ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడే విడిపోయారు. ముప్పై రెండేళ్ల తర్వాత 1999లో న్యూయార్క్ 'కేవ్‌స్టాంప్' ఉత్సవంలో మళ్లీ కలిసి వాయించారు. గాయకుడు గ్యారీ బర్గర్ ఆ తర్వాత మినెసోటాలోని టర్టిల్ రివర్ అనే చిన్న ఊరికి మేయరయ్యాడు. సోనిక్స్ కూడా 2007లో అదే ఉత్సవంలో బ్రూక్లిన్‌లో తిరిగి వాయించి, 2008లో లండన్ వెళ్లారు. అంతకు కొన్నేళ్ల ముందు వాళ్ల పాట ఒకటి ల్యాండ్ రోవర్ కారు ప్రకటనకెక్కడం కొత్త శ్రోతల్ని తెచ్చిపెట్టింది. స్పెయిన్‌లోని లియోన్ పట్టణపు 'పర్పుల్ వీకెండ్' వంటి ఉత్సవాలు ఇలాంటి వృద్ధ బ్యాండ్లకు ప్రధాన మజిలీలు.

యాత్ర ఎలా సాగుతుందన్నది వేరే కథ. అసలు సభ్యులు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఖాళీల్లో కొత్త తరం డ్రమ్మరు, బాస్ వాయించేవాడు వస్తారు. మన దగ్గర రాయలసీమ పల్లెల్లో పద్యనాటకం ఆడాలంటే హార్మోనిస్టును బయటి నుంచి పిలిపించుకుంటారు. పద్యాలన్నీ నోటికొచ్చిన మనిషి కాబట్టి ఏ ఊరి నటులతోనైనా అతను నిమిషాల్లో కలిసిపోతాడు. కొత్తగా చేరే రాక్ వాద్యకారుడి స్థితీ అలాంటిదే. ఆ పాటల రికార్డులు వింటూ పెరిగినవాడు కాబట్టి ఒక్కోసారి ఎక్కడ ఆగాలో అసలు సభ్యులకంటే ఇతనికే బాగా గుర్తుంటుంది. చిత్రమేమంటే, నాడు చేతకాక వచ్చిన మోటుతనాన్ని ఇప్పుడు కోరి నేర్చుకోవాలి. నున్నగా వాయిస్తే శ్రోతలు మొహం తిప్పుకుంటారు.

సామాను బాధ ఇంకొకటి. విమానంలో బరువైన యాంప్లిఫయర్లు, డ్రమ్స్ తీసుకెళ్లడం దండగ, అందుకే ఏ ఊరికా ఊళ్లో అద్దెకు తీసుకుంటారు. అమెరికా పరికరాలు 120 వోల్టులవి, యూరప్ కరెంటు 230. మార్పిడి పెట్టె మరిస్తే పాత ఆర్గన్ కాలిపోతుంది. అసలైన 1960ల ఆర్గన్లు ఎలాగూ మొరాయిస్తాయి, చాలామంది కొత్త కీబోర్డుతో సర్దుకుంటారు. డెబ్బయ్యో పడిలో ఇరవై ఏళ్ల కుర్రాడిలా అరవలేరు కాబట్టి కొన్ని పాటల శ్రుతి తగ్గిస్తారు. పగలంతా వ్యాన్‌లో ప్రయాణం, సాయంత్రం వేదిక దగ్గర ధ్వని సరిచూసుకోవడం, రాత్రి గంటన్నర కచేరీ, మర్నాడు మళ్లీ ప్రయాణం. ఈ లయకు మోకాళ్లు, నడుము, చెవులు మొదట అభ్యంతరం చెబుతాయి.

డబ్బు లెక్క కూడా యాత్రనే కోరుతుంది. అమెరికా రేడియో స్టేషన్లు పాట వేసినప్పుడు పాట రాసినవారికే రుసుము కడతాయి, పాడినవారికి కట్టవు. గ్యారేజీ బ్యాండ్లు తరచూ ఇతరుల పాటలు పాడేవి. పైగా నాటి ఒప్పందాల్లో మూలరికార్డుల హక్కులు చిన్న సంస్థల చేతిలో ఉండిపోయాయి. సోనిక్స్‌కు ఎటికెట్ అనే సంస్థ అలాంటిదే, దాన్ని అదే పట్టణపు వెయిలర్స్ బ్యాండ్ సభ్యులు పెట్టుకున్నారు. కాబట్టి నిలకడైన రాబడి వేదిక నుంచీ, హాలు బయట బల్ల మీద అమ్మే టీ షర్టులు, ప్లేట్ల నుంచీ రావాలి.

పేరు ఎవరిదన్న తగవు ఇంకా పాతది. జాంబీస్ బ్యాండ్ ఇంగ్లండులో విడిపోయాక 1969లో వాళ్ల 'టైమ్ ఆఫ్ ది సీజన్' అమెరికాలో బ్రహ్మాండంగా అమ్ముడైంది. వెంటనే అక్కడ నకిలీ జాంబీస్ ఊళ్లు తిరిగి కచేరీలిచ్చారు. వాళ్లలో ఇద్దరు, డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్, తర్వాత జెడ్‌జెడ్ టాప్ అనే రాక్ బ్యాండులో సభ్యులయ్యారు. అందుకే మళ్లీ కలిసిన బ్యాండ్లు పేరు హక్కుల విషయంలో జాగ్రత్త పడతాయి.

మళ్లీ కలవడమంటే పాత పాటల ముచ్చటే అనుకునేవారికి సోనిక్స్ 2015లో గట్టి జవాబిచ్చారు. డెట్రాయిట్‌కు చెందిన జిమ్ డైమండ్ చేత నాటి పద్ధతిలో మోనో ధ్వనిలోనే రికార్డు చేయించి కొత్త ఆల్బమ్ వెలువరించారు. అదే ఏడు మే 10న టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 13త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే పాత బ్యాండ్ వాళ్లు దశాబ్దాల తర్వాత ఒకసారి కలిసి వాయించారు. ఆ బ్యాండ్ గాయకుడు రాకీ ఎరిక్సన్ 2019లో మరణించాడు. మంక్స్ గాయకుడు బర్గర్ 2014లోనే పోయాడు. సోనిక్స్‌లో రోస్లీ, పరైపా యాత్రలు మానుకున్నాక అసలు సభ్యుల్లో లిండ్ ఒక్కడే మిగిలాడు. అతని చుట్టూ కొత్త వాద్యకారులు చేరగా, అదే పేరుతో బ్యాండ్ కచేరీలు కొనసాగించింది.