షీట్ నిండా పచ్చరంగే, కానీ...

మా మినీ ప్రాజెక్ట్ గోల్స్ షీట్‌లో అన్నీ పచ్చగానే ఉండేవి. తీరా డెమో ముందురోజు చూస్తే లాగిన్ పేజీ కూడా పనిచేయట్లేదు! ఎందుకంటే మేం చేసిన పనులు లెక్కపెట్టుకున్నాం, వచ్చిన ఫలితాన్ని కాదు.

ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ నడిపిన ఓకేఆర్ పద్ధతిని జాన్ డోర్ 1999లో గూగుల్‌కి పరిచయం చేశారు. ఇందులో ఒక లక్ష్యం, దాని కింద కొలవగలిగే ఫలితాలు కొన్ని ఉంటాయి. ‘లాగిన్ కోడ్ రాయడం’ పని. ‘పదిమందీ లాగిన్ అవ్వడం’ ఫలితం. ఆరుగురే అయితే సాఫ్ట్‌వేర్‌లో 0.6 అని వేసి, కారణం ఒక లైన్ రాయాలి. గూగుల్‌లో పెద్ద లక్ష్యానికి 0.7 వచ్చినా మంచి స్కోరే.

ఇప్పుడు ప్రతి శుక్రవారం అప్‌డేట్ చేస్తున్నాం. ఎరుపు కనిపిస్తే ఎవర్నీ తిట్టం, ఖాళీగా ఉన్నవాళ్లు వెళ్లి చెయ్యి వేస్తారు. అసలు ఎరుపుని దాచేస్తే సాయం ఎవరు చేస్తారు చెప్పండి?