గర్భనిరోధమును ఆరోగ్య బీమాయును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2010వ సంవత్సరపు ఆరోగ్యరక్షణ శాసనము ననుసరించి, స్త్రీలకు గర్భనిరోధ సాధనములను వేరు రుసుము లేకుండ బీమాయే సమకూర్పవలెనను నియమము 2012లో అమలునకు వచ్చెను. ఇది తమ మతవిశ్వాసమునకు భంగకరమని కొందరు యజమానులు వ్యాజ్యమాడిరి. 2014లో హాబీ లాబీ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, ఐదుగు రొకవైపు, నలుగు రొకవైపు చీలి, కొలదిమంది చేతిలోనున్న అట్టి సంస్థలకు మినహాయింపు నొసగెను. 2020లో మినహాయింపుల విస్తరణమును గూడ సమర్థించెను.

యజమాని యంతరాత్మను మేము గౌరవింతుము. కాని బీమా దానము కాదు. పనిచేయు స్త్రీ శ్రమకు ముట్టవలసిన వేతనములో నొక భాగము. పాలేరునకు కొలిచి యిచ్చిన ధాన్యము నాత డెట్లు వండుకొనవలెనో శాసించు హక్కు కామందునకు గలదా? గర్భభారమును, ప్రసవాపాయమును మోయునది స్త్రీ. నిర్ణయమును ఆమెదే కావలెను. దానికగు వ్యయమును బీమా భరింపవలెను. ఇది మా దృఢాభిప్రాయము.